రంగు పాకనివ్వని అమ్మ

మా చిన్నప్పుడు... గద్వాలలో మా మగ్గాల వీధి చివర ఉన్న హాల్లో, దసరా సెలవులకు నీటిరంగుల క్లాసు పెట్టారు. వానలు తగ్గి, తంగేడు పూసే రోజులు... నలుగురికి కలిపి ఒక రంగుల డబ్బా, తలా ఒక కుంచె, ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులో నీళ్ళు. చాపల మీద వరుసగా కూర్చునేవాళ్ళం.

సారు వనపర్తి నుంచి బస్సులో వచ్చేవాడు. పేరు రాయను. రాస్తే ఇవాళ నాకు అన్నం సహించదు.

రెండో రోజు బతుకమ్మ బొమ్మ వేయమన్నాడు. "కాయితం మొత్తం తడపుండ్రి. ఒక రంగు ఆరకముందే పక్కన ఇంకో రంగు పెట్టుండ్రి. రెండు వాటంతట అవే కలుస్తయి... గదే అందం" అన్నాడు. అందరూ టపటపా తడిపేశారు. నేను తడపలేదు. ముందు ఎర్రపూల వరుస వేశాను. ఊదుకుంటూ కూర్చున్నాను. అది ఆరాక, దారమంత తెల్లగీత వదిలి, అప్పుడు పసుపు వరుస వేశాను. మళ్ళీ ఊదాను...

ఎందుకంటే మా ఇంట్లో పట్టు నూలుకు రంగు అద్దేది అమ్మ. మరిగే గంగాళంలో నూలు ముంచి తీసి, దండెం మీద ఆరేసేది. మోచేతుల దాకా ఆమెకు ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. గద్వాల చీరంటే ఒళ్ళంతా పత్తి నూలు, అంచు పట్టు. చీర తడిపినప్పుడు అంచులోని ఎరుపు తెల్లటి నూలులోకి పాకిందో... పరువు పోయినట్టే! ఒకసారి అట్లా ఒక చీర షాపు నుంచి తిరిగొస్తే, రెండు రోజులు అమ్మ ఎవరి మొహమూ చూడలేదు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లను రంగులు కావాలని కలిపేయమంటే చేయి వస్తుందా?

సారు నా కాయితం గుంజుకుని అందరికీ ఎత్తి చూపించాడు. "ఇది బతుకమ్మనా, చీరె అంచా? గీ మగ్గాలోళ్ళ పిల్లలకు గీతలు తప్ప ఏం రావు!" అన్నాడు. అంతటితో ఆగాడా... దాన్ని నీళ్ళ బకెట్లో ముంచి తీశాడు! ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అన్నీ కలిసి బురదైపోయాయి.

"ఇగో... గిట్ల పారాలె రంగు" అన్నాడు. హాలంతా నవ్వింది.

సరిగ్గా అప్పుడే నన్ను అన్నానికి పిలవడానికి అమ్మ వచ్చింది. గడపలో నిలబడి అంతా చూసింది. ఆ రోజు ఆమె చేతులు నీలం. పరాయి మగవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి... తిన్నగా లోపలికి వచ్చింది.

"సారూ, రంగును ఇడిసిపెట్టుడు ఎవలకైనా వస్తది. ఆపుడే రాదు. జర నాకొక కాయితం ఇయ్యుండ్రి, చూపిస్త."

ఆ మాటలో కోపం కంటే ఆశ ఎక్కువ ఉంది. నాకు తెలుసు. ముందు రోజు సాయంత్రం నా కుంచె కడిగి పెట్టింది ఆమే. కడిగే ముందు దాని కొసను అరచేతి మీద తిప్పి తిప్పి చూసుకుంది. ఆమెకూ ఒక్కసారి బొమ్మ వేయాలని ఉంది.

"నీకెందుకమ్మా ఇయన్ని? పో, పోయి నీ గంగాళం చూస్కో" అన్నాడు సారు. మళ్ళీ నవ్వులు. అమ్మ నా వైపు చూసింది.

నేనేం చేశానో తెలుసా? సారు ముందు పిల్లిని, అమ్మ మీద పులిని!

"పో అమ్మా! నీకేం తెల్వదు... ఊకె వచ్చి నా ఇజ్జత్ తీస్తవ్" అని అరిచాను.

అమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ నా కుంచె ముట్టుకోలేదు.

సారు మీద కోపం ఉంది... ఉంటుంది. పసిపిల్ల వేసిన బొమ్మను నీళ్ళలో ముంచమని వాడికి ఎవడు చెప్పాడు? కానీ నా మీద నాకున్న కోపం ముందు అదెంత! తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మొన్న దసరాకు ముందు అదే హాల్లో మళ్ళీ నీటిరంగుల క్లాసు పెట్టారు. ఈసారి పెద్దలు కూడా రావచ్చన్నారు. బోర్డు చూసిన రోజే అమ్మ పేరు రాయించాను. "నాకెందుకే గీ వయసుల?" అంటూనే ఉతికిన చీర కట్టుకుని నా కంటే ముందు బయల్దేరింది. ఇప్పుడు ఆమె చేతులకు ఏ రంగూ లేదు. మా ఇంటికి పట్టు నూలు రంగేసిందే వస్తోంది... గంగాళం అటకెక్కి చాలా ఏళ్ళయింది.

అమ్మ బతుకమ్మే వేసింది. ఒక్కో వరుస ఆరేదాకా ఆగి, దారమంత తెలుపు వదిలి... గీత ఎక్కడా చెదరలేదు. నేర్పించే టీచరు చిన్నపిల్ల, మంచిదే పాపం. వంగి చూసి, "అమ్మా, గట్ల ఆరనియ్యొద్దు... కలిసిపోనియ్యాలె" అంటూ తడి కుంచె కాయితం దగ్గరికి తెచ్చింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ముట్టకు! గా గీత పెట్టనీకె మనకు జన్మ చాలదు. మా అమ్మకు తెలిసింది గీ హాల్ల ఎవలకు తెల్వదు!" అని అరిచేశాను. ఆ పిల్ల బిత్తరపోయింది. కుంచె వెనక్కి తీసుకుంది.

అమ్మ కుంచె ఆపలేదు. తల కూడా ఎత్తలేదు. పసుపు పక్కన ఆకుపచ్చ మొదలుపెడుతూ మెల్లగా అడిగింది.

"గీ కోపం అప్పుడేడ వోయిందే?"

టీచరుకు క్షమాపణ చెప్పాను. దారంతా అమ్మకు ఏదేదో చెప్పుకొచ్చాను... ఏదీ అతకలేదు, అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజుల్లో అమ్మ అడిగింది ఒక్క కాయితం. ఇప్పుడు కట్టలు కట్టలు తెచ్చి ముందు పెడుతున్నాను...

మీరు కూడా ఎవరి ముందైనా మీ అమ్మను చిన్నబుచ్చి ఉంటే కింద రాయండి. సాకులు మాత్రం రాయొద్దు... అవన్నీ నేను ఆమెకు చెప్పి చూశాను.