వేళ్లు చూపించే లాంజో

ట్రంపెట్ వాయించే లాంజో బ్రాడ్‌నాక్స్‌ది ఒకటే జబ్బు. పాట సుఖంగా సాగుతుంటే చూడలేడు.

హార్లెంలో జాజ్ బ్యాండువాళ్లకి ఒక అలవాటుంది. వేదిక మీద గోలలో మాట వినపడదు కాబట్టి, ఏ శ్రుతిలో వాయించాలో వేళ్లతో చూపిస్తారు; వేళ్లు పెరిగేకొద్దీ శ్రుతి కష్టం. మర్యాదస్తులు ఒక వేలో రెండు వేళ్లో చూపించి తోటివాళ్లని బతకనిస్తారు. లాంజో ఒకరోజు నాలుగు చూపిస్తే, మర్నాడు ఆరు. ఏడు చూపించిన రోజున బాస్ వాయించే పెద్దమనిషి కడుపునొప్పని చెప్పి ఇంటికెళ్లిపోయాడు. ఆ శ్రుతుల్లో ట్రంపెట్ పట్టినవాడికి తాతలు దిగొస్తారు. పులి మీద పుట్రలా, పైన పాటకి రైలందుకునే పరుగొకటి. దానికి బీబాప్ అని ముద్దు పేరు.

"ఇది రేపటి సంగీతం!" అనేవాడు లాంజో, వేదిక మీద కూడా ఇంటి చెప్పులతోనే తిరుగుతూ.

"అయితే రేపే వాయించుకో. ఇవాళ మా ప్రాణాలు తియ్యకు," అనేది పియానో వాయించే జెనీవా.

"నీ చెవులు ముసలివైపోయాయి జెనీవా."

"నీ చెప్పులకంటే నయమేలే!"

జెనీవా బాధ వేరే ఉంది. ఆమె నాన్న ఆమోస్ వీళ్లు వాయించే క్లబ్బులోనే పదకొండేళ్లుగా ట్రంపెట్ వాయిస్తున్నాడు. ఈమధ్యే కట్టుడు పళ్లొచ్చాయి, ఊపిరి తగ్గింది. యజమాని స్టోవాల్ కాన్సాస్ సిటీ నుంచి డెల్మార్ అనే కుర్ర వస్తాదుని రప్పించాడు. "ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వాయిస్తారు. ఎవరు బాగుంటే వాళ్లకే ఉద్యోగం," అన్నాడు. ఆమోస్ ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినలేదు.

జెనీవా సిగ్గు చంపుకుని లాంజోని అడిగింది. "ఆదివారం పాట నువ్వే ఎత్తుకుంటావు కదా. ఈ ఒక్కసారికి ఒక్క వేలు చూపించవయ్యా. మా నాన్న ముఖం చూసైనా."

"చూద్దాం," అన్నాడు లాంజో. బుధవారం వాళ్లింటికొచ్చి, ఆమోస్ పక్కన కూలబడి, ఆయన చిన్ననాటి ట్రంపెట్ కబుర్లు రెండు గంటలు విన్నాడు. వెళ్తూ వెళ్తూ చిలగడదుంపల హల్వా గిన్నె ఖాళీ చేశాడు. సిగ్గులేని మనిషి!

ఆదివారం క్లబ్బు కిటకిటలాడింది. లాంజో ట్రంపెట్‌ని పెట్టెలో పెట్టేసి, "నా పెదవి పగిలింది. వాళ్లిద్దరే వాయిస్తారు," అని చెయ్యెత్తాడు.

అయిదు వేళ్లు!

"ఓరి ద్రోహీ! నీ చేతులు పడిపోనూ!" అంది జెనీవా పియానో మీంచే.

డ్రమ్ము పరుగందుకుంది. డెల్మార్ వీరావేశంతో దూకాడు. నాలుగు స్వరాలకే వేళ్లు ముడిపడ్డాయి, అయిదోదానికి ట్రంపెట్ బాతులా అరిచింది. చెమట తుడుచుకుని మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ బాతే. జనం ఘొల్లుమన్నారు.

ఆమోస్ మాత్రం కళ్లు మూసుకున్నాడు. పిల్లాడిగా ఆయనకి దొరికిన ట్రంపెట్‌కి నడిమి మీట కిందికి నొక్కుకుపోయి బిగుసుకుంది. దానితో తేలిగ్గా వాయించగలిగింది ఈ అయిదు వేళ్ల శ్రుతొక్కటే. ఎనిమిదేళ్లు ఆ శ్రుతిలోనే పెరిగాడు. వెనకాల డ్రమ్ము పరుగెడుతుంటే, తను తొందరపడకుండా ఒక్కో స్వరాన్నీ పొడుగ్గా, నింపాదిగా వదిలాడు. ఆ పరుగు మీద ఆ నెమ్మది ఎంత బాగుందో! చివరి వరసలోవాళ్లు బల్లలెక్కి, "మళ్లీ వాయించు తాతా!" అని కేకలేశారు.

స్టోవాల్ తల గోక్కుని, "పెద్దాయనే ఉంటాడు," అన్నాడు.

సాయంత్రం జెనీవా వాళ్లింట్లో విందు. లాంజో పిలవకుండానే వచ్చి, వెనిగర్లో ఊరిన పందికాళ్ల మీద ఎర్రగా కారం జల్లుకుని, లొట్టలేస్తూ లాగిస్తున్నాడు. జెనీవా అతని నోటికేసి చూసింది.

"పెదవి పగిలిందన్నావుగా? మంటగా లేదూ?"

లాంజో నమలడం ఆపాడు. "నీకన్నీ అనుమానాలే. ఆ శ్రుతి నాకిష్టం, అంతే. మీ నాన్న ముచ్చట్లు ఎవడు గుర్తుపెట్టుకుంటాడు?"

"మా నాన్న ముచ్చట్ల సంగతి నేనెత్తనే లేదే!"

లాంజో ఖాళీ పళ్లెం ముందుకి తోసి, ఇంటి కప్పుకేసి చూస్తూ కూర్చున్నాడు. జెనీవాకి నవ్వాగలేదు. గరిటె తీసుకుంది.

"ఇంకెన్ని ముక్కలు వెయ్యమంటావు?"

లాంజో చెయ్యెత్తాడు. అయిదు వేళ్లు.

మొట్టమొదటిసారి జెనీవా ఎదురు చెప్పలేదు.