బానెట్ ఎత్తని ఇల్లు

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. కారు దారిలో ఆగిపోతే బానెట్ ఎత్తకూడదు. ఎవరూ దిగకూడదు. ఇంజను చప్పుడు ఆగిన మరుక్షణం మా నాన్నగారు కిటికీ అద్దం పూర్తిగా దించి, పేపరు మడత విప్పి, "కాసేపు గాలి పోసుకుందాం" అనేవారు. అమ్మ కొంగు సర్దుకుని ఎదురుగా రోడ్డు కేసి చూస్తూ కూర్చునేది. నేను వెనక సీట్లో, వీపు ఆనించకుండా కూర్చునేదాన్ని. అలా కూర్చోవడం నాకు అప్పుడే అలవాటైంది, ఇప్పటికీ పోలేదు.

భూములు ఒక్కొక్కటే చేతులు మారుతున్న రోజులవి. మొదట కంచిలి దగ్గరి జీడితోట వెళ్ళింది. తర్వాత బారువ దారిలో కొబ్బరితోట వెళ్ళింది. బానెట్ ఎత్తి రోడ్డు పక్కన నిలబడ్డ మనిషిని చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది. నాన్నగారికి ఒకరి మీద జాలిపడటం తెలుసు. తన మీద పడనివ్వడం తెలియదు. అందుకని కారు ఎక్కడ ఆగినా, అక్కడ ఆపాలని తనే అనుకున్నట్టు ఉండేవారు. దారిన పోయే రైతులు ఆగి, మొహంలో నవ్వు కనబడనివ్వకుండా "గాలికాగినారా బాబూ?" అని అడిగేవారు. "అవునోయ్" అనేవారాయన, పేపరు మీంచి తలెత్తి.

ఇరవై నిముషాలు పోయాక తాళం తిప్పితే కారు ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మమ్మల్ని చెడగొట్టింది అదే.

నాన్నగారి తర్వాత కారు నాకు వచ్చింది. నాకు వచ్చిందల్లా అదీ, ఇంటి ముందు భాగంలో రెండు గదులూ. టెక్కలి హైస్కూల్లో లెక్కలు చెప్పినన్నాళ్ళూ సోమవారం వెళ్ళడం, శనివారం రావడం ఆ కారులోనే. రిటైరయ్యాక కూడా దాన్ని నేనే నడుపుతున్నాను. ఆగినప్పుడల్లా గాలి పోసుకుంటూనే ఉన్నాను.

ఈ ఏడు దాని రిజిస్ట్రేషన్ గడువు మళ్ళీ దగ్గరపడింది. పాత కార్లను ఐదేళ్ళకోసారి బ్రేక్ ఇన్‌స్పెక్టరు నడిపించి చూసి సంతకం పెట్టాలి. సంతకం పడకపోతే కారు రోడ్డెక్కకూడదు. రోడ్డెక్కని కారుకి చివరికి తుక్కు దుకాణమే గతి. పరీక్షకి నాకు మూడు వారాలు టైముంది. ఆ మూడు వారాల్లో కారు పరిస్థితి ఏమిటంటే, హెడ్‌లైట్లు కిరసనాయిలు బుడ్డిలా వెలిగేవి. హారన్ స్టీరింగు ఎడమకి తిప్పితేనే మోగేది. తాళం తిప్పితే సెల్ఫ్ మూలిగేది. ఎండలో కాసేపు నడిస్తే ఆగిపోవడం సరేసరి.

ఇన్నాళ్ళు వాడావు, ఇక ఇచ్చేయకూడదా అన్నవాళ్ళు ఉన్నారు. ఇంట్లో అమ్మదగినవన్నీ నాన్నగారే అమ్మేశారు. ఆ పని నాకు నేర్పలేదు.

పలాసలో జీడిపప్పు మిల్లులు దాటాక ఉన్న ఒక గ్యారేజీకి తీసుకెళ్ళాను. అక్కడి మెకానిక్కు నడివయసు మనిషి. పలక లాంటి యంత్రం ఒకటి చేత్తో పట్టుకుని కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కొత్త కార్లకు ఆ యంత్రం తగిలిస్తే జబ్బు పేరు దానంతటదే చెబుతుందట.

"దీన్నెక్కడ గుచ్చాలి ఆంటీ? దీనికి సోటే లేదు."

నన్ను ఆంటీ అన్నవాళ్ళు అంతవరకూ లేరు. ఇలాంటివి తుక్కుకిచ్చేయడమే మేలని కూడా మంచిమాటగానే చెప్పాడు. నేను అతనికి నమస్కారం పెట్టి, సెల్ఫ్ మూలిగి మూలిగి అందుకునేదాకా ఎదురుగా చూస్తూ కూర్చుని, బయటపడ్డాను.

అప్పుడు గుర్తొచ్చాడు బారువ మేస్త్రి. సముద్రం మీదికి వెళ్ళే పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. వాళ్ళది తరతరాలుగా చేపలవేట చేసే కుటుంబం. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. అరవై దాటిన నన్ను ఇప్పటికీ "అమ్మాయిగారూ" అని పిలిచేది ఆ తీరంలో అతనొక్కడే. ఇసుకలో పాతిన సరుగుడు గుంజల మీద వేసిన చిన్న షెడ్డు అతనిది. లోపల విప్పిన ఇంజన్లు, బయట ఎండుచేపల వాసన, ఆ పక్కనే రోడ్డు.

షెడ్డు ముందు కారు ఆపగానే మేస్త్రి బానెట్ మీద చెయ్యి వేశాడు. షెడ్డు లోపలికి తోయించమన్నాను. లోపల చోటు లేదన్నాడు, చీకటి కూడా అన్నాడు. నేను అక్కణ్ణించి కదల్లేదు. అతను ఒకసారి నా మొహం చూశాడు, ఒకసారి రోడ్డు కేసి చూశాడు. లోపలికి వెళ్ళి, వలల మీద కప్పే నీలం పరదా తెచ్చి, రోడ్డు మీంచి కారు ముందు భాగం కనబడకుండా రెండు గుంజలకి కట్టాడు.

మామూలుగా అయితే ఆ కారును ఎవరూ పట్టించుకునేవారు కాదు. పరదా కట్టేసరికి దారిన పోయే ప్రతివాడూ ఆగడం మొదలుపెట్టాడు.

"ఏటి మావా, కారుకి పురుడు పోత్తన్నావా?" అని సైకిలు మీద పోతున్న ఒకతను అడిగాడు.

"నువ్వెల్లి ఏన్నీల్లు కాసి తే," అన్నాడు మేస్త్రి తల తిప్పకుండా.

నాకు నవ్వొచ్చింది. పరదా వెనక ఉండటం వల్ల అది ఎవరికీ కనబడలేదు.

మేస్త్రి దగ్గర పలకలూ యంత్రాలూ లేవు. రెండు తీగలు కట్టిన చిన్న బల్బు ఒకటుంది. దాన్ని నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. తీగలు రెండూ బ్యాటరీకి ఆనిస్తే బల్బు ధగధగా వెలిగింది. ఒకటి బ్యాటరీ మీదే ఉంచి, రెండోది కారు ఒంటికి ఆనిస్తే మసకబారింది. కరెంటు వెళ్ళడానికి దారి బాగానే ఉంది, తిరిగి రావడానికే దారి సరిగ్గా లేదని దానర్థమట. బ్యాటరీ నుంచి కారు ఒంటికి బిగించిన పట్టీని విప్పి చూపించాడు. పచ్చటి పొక్కులు కట్టి, వేలితో గీరితే రాలిపోయింది. సముద్రపు గాలిలో ఉప్పు ముందు తినేది దీన్నేననీ, పడవల్లోనూ ఇంతేననీ, సామాను మార్చే ముందు తీగల కొసలు చూడాలనీ చెప్పాడు. కొత్త పట్టీ వేసి, చుట్టుపక్కల గరుకు కాగితంతో రుద్ది, గ్రీజు రాశాడు. తాళం తిప్పితే సెల్ఫ్ మొదటిసారికే గుర్రుమంది. లైట్లు పగటిపూటే కళ్ళల్లో కొట్టాయి. రెండు జబ్బులకీ కారణం ఒకటే. లెక్కలు చెప్పినదాన్ని, నాకది చాలా నచ్చింది.

మర్నాడు హారన్ చూశాం. స్టీరింగు లోపల తీగ ఒరుసుకుపోయి రాగి బయటపడింది. ఆ తీగను నేనే పట్టుకున్నాను, టేపు నేనే చుట్టాను. నాలుగో రోజు గాలికి పరదా ఒక పక్క ఊడిపోయింది. కట్టమని నేను అనలేదు, కట్టనా అని అతను అడగలేదు.

మిగిలింది అసలు జబ్బు. అది పట్టుకోవాలంటే కారు ఆగాలి. మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని మిట్టమధ్యాహ్నం ఉద్దానం తోటల మధ్య తిప్పుతూ పోయాను. ఆగమన్నప్పుడు ఆగదు కదా, చాలాసేపు తిరిగాక గానీ ఆగలేదు. ఆగీ ఆగగానే నా చెయ్యి అద్దం దించేసింది. నడుం దానంతటదే నిటారైంది.

మేస్త్రి అప్పటికే దిగి బానెట్ ఎత్తాడు. మొదట తడిగుడ్డ ఇంజనుకి పెట్రోలు అందించే పంపు మీద వేసి, సెల్ఫ్ కొట్టమన్నాడు. రాలేదు. గుడ్డ తీసి, ప్లగ్గులకి నిప్పురవ్వ పంపే కాయిల్ మీద చుట్టాడు. అది చిన్న డబ్బా అంత ఉంటుంది. గుడ్డ చుయ్యిమని ఆవిరి కక్కింది. రెండు నిముషాలాగి కొట్టమన్నాడు. కారు స్టార్టయింది.

"వేడెక్కితే దీని లోపల తీగ ఇడిపోతంది. సల్లబడితే మల్లీ కలిసిపోతంది. మీరు ఇరవై నిముసాలు కూకుంటన్నారు, అదీ సల్లబడిపోతంది, జబ్బు దాక్కుండిపోతంది," అన్నాడు. గుడ్డ పిండుతూ మళ్ళీ అన్నాడు. "బాబుగారు ఒక్కపాలి దిగుంటే ఆనాడే దొరికీది."

నాకు చురుక్కుమంది. "మా నాన్నగారు దిగేవారు కాదు," అన్నాను.

"నాకు తెల్దేటి? మా అయ్య మమ్మల్ని ఆ దారంట ఎల్లనిచ్చీవోడు కాడు. బాబుగారు గాలి పోసుకుంటన్నారు, అటెల్లి నిలబడి సూడకండి, తోటలోంచి సుట్టూ తిరిగెల్లండి అనీవోడు. నెత్తి మీద సేపల గంప ఎట్టుకుని సుట్టూ తిరిగీవోల్లం."

మా అవస్థ ఎవరికీ తెలియదని అనుకున్న రోజుల్లో, మమ్మల్ని చూడకుండా ఉండటానికి నెత్తిన బరువుతో ఇసుకలో అంత దూరం నడిచినవాళ్ళు ఉన్నారన్నమాట. ఆ సంగతి నాన్నగారికి తెలిస్తే కారు అక్కడే వదిలేసి నడిచి వచ్చేసేవారు. తెలియకపోవడమే మంచిదైంది.

కొత్త కాయిల్ వెంటనే దొరకలేదు. పలాసలో ఉన్నవి కొత్త కార్లవి, దీనికి వేస్తే ఇంకోటేదో కాలిపోతుందన్నాడు మేస్త్రి. బరంపురంలో ఒక పాత సామాన్ల షాపులో ఉందని ఇచ్ఛాపురం నుంచి కబురు తెప్పించాడు. రెండు రోజుల్లో వస్తుందన్నది వారమైనా రాలేదు. పరీక్ష రోజు వచ్చేసింది. ఆ రోజు మేస్త్రికి ఒక పడవ ఇంజను దించే పనుంది. ఒక తడిగుడ్డా, రెండు సీసాల నీళ్ళూ కారులో పెట్టి పంపించాడు.

టెక్కలి దాకా కారు బాగానే వచ్చింది. నేను ఎండ ఎక్కకముందే బయల్దేరాను. పరీక్ష స్థలంలో ఆటోలు, ట్రాక్టర్లు, సామాను వ్యాన్లు వరసగా ఉన్నాయి. కాసేపు ఇంజను ఆపి ఉంచితే కాయిల్ చల్లబడుతుందని నా లెక్క. కానీ ఆ రోజు వరస గబగబా కదిలింది. ఆపడం, తీయడం, పది అడుగులు కదలడం, మళ్ళీ ఆపడం. ఎండ నెత్తికెక్కింది. నా వంతు వచ్చి ఇన్‌స్పెక్టరు చెయ్యి ఊపగానే ముందుకి కదిలాను. సరిగ్గా ఆవరణ మధ్యకి వెళ్ళి కారు ఆగిపోయింది.

నా చెయ్యి అద్దం పిడి మీదికి వెళ్ళింది. చుట్టూ ముప్ఫై మంది మగవాళ్ళు. నేను ఎదురుగా చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు, ఎక్కువసేపే అనిపించింది. ఇన్‌స్పెక్టరు "పక్కకి తోయండయ్యా" అన్నాడు. ఇద్దరు ఆటోవాళ్ళు కారు వెనక్కి వచ్చారు. "మీరు దిగకండమ్మా, మేం తోసెత్తాం," అన్నాడు ఒకతను, ఎంతో మర్యాదగా. పక్కకి తోస్తే ఆ కారు పని అయిపోయినట్టే. మళ్ళీ తేదీ దొరికేలోగా గడువు దాటిపోతుంది. దిగకుండా కూర్చుంటే నా మర్యాద మిగులుతుంది, కారు మిగలదు.

"తోయకండి," అని దిగాను. బానెట్ ఎత్తి, కడ్డీ నిలబెట్టి, గుడ్డ తడిపి కాయిల్‌కి చుట్టాను. ఆవిరి నా మొహం మీదికి వచ్చింది. మోచేతి దాకా మసి అయింది. జనం మూగారు.

"ఏటమ్మా, జొరమా దానికి? తడిగుడ్డ ఏత్తన్నారు," అన్నాడు ట్రాక్టరు అతను.

"అవును. తగ్గిపోతుంది," అన్నాను. వాళ్ళు నవ్వారు. జాలి చూపు ఒక్కటి కూడా కనబడలేదు నాకు. పైగా ఒకతను తన సీసాలో నీళ్ళు కూడా పోశాడు, చల్లనివి.

ఇన్‌స్పెక్టరు దగ్గరికి వచ్చి ఏమైందని అడిగాడు. కాయిల్ వేడెక్కిందనీ, కొత్తది బరంపురం నుంచి వస్తోందనీ, రెండు నిముషాల్లో స్టార్టవుతుందనీ చెప్పాను. ఇదంతా మీకెలా తెలుసన్నాడు. "నా కారు," అన్నాను. రెండు నిముషాలకి స్టార్టయింది. అతను పక్కన కూర్చుని బ్రేకులు, లైట్లు, వైపర్లు, హారన్ అన్నీ చూశాడు. స్టీరింగు రెండు వైపులా తిప్పి హారన్ మోగించాను, అతను అడగకపోయినా.

సంతకం మాత్రం పెట్టలేదు. మధ్యలో ఆగిపోయే బండికి పెట్టలేనన్నాడు. కొత్త కాయిల్ వేసి గడువు లోపల తీసుకురమ్మనీ, దానికి వేరే తేదీ అక్కర్లేదనీ, మిగతావి బాగున్నాయని రాసి ఉంచుతాననీ చెప్పాడు. అతను చెప్పింది న్యాయం. నేను వాదించలేదు.

కాయిల్ ఐదో రోజు వచ్చింది. మేస్త్రి దాన్ని నా చేతిలో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండు చిన్న తీగలు, ఒక లావు తీగ. చిన్నవి రెండూ తారుమారు చేశాను. అతను దగ్గాడు. సరిచేశాను. మర్నాడు టెక్కలి వెళ్ళి, మిట్టమధ్యాహ్నం దాకా కావాలనే ఆగి, ఇంజను బాగా కాగాక ఇన్‌స్పెక్టరుకి చూపించాను. ఆగలేదు. ఐదేళ్ళకి సంతకం పడింది.

ఆ కాగితం చూపిద్దామని తిన్నగా బారువ వెళ్ళాను. మేస్త్రి కాగితం చూసి, మంచిదన్నాడు. తర్వాత ఒక్కో చక్రం మీదా అరచెయ్యి ఆనించుకుంటూ కారు చుట్టూ తిరిగాడు. మూడో చక్రం దగ్గర ఆగాడు.

"దీని బ్రేకు ఒదలకుండా పట్టెత్తంది. సెయ్యెట్టి సూడండి."

నేనూ చెయ్యి పెట్టి చూశాను. మిగతా మూడూ గోరువెచ్చగా ఉన్నాయి. ఇది కాలుతోంది. ఈ చక్రం విప్పాలంటే సాయంత్రం దాకా పడుతుందన్నాడు. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని, రోడ్డు పక్కన ఇసుకలో ఆ చక్రం ముందు కూర్చున్నాను.