ఎర్ర కారుకు ఇంజను

మామయ్య పోయిన కబురు తెల్లవారుతుండగా నా సెల్లుకు వచ్చింది. భద్రాచలం దవాఖానా నుంచి అత్తయ్యే చేసింది. "అమ్మాయ్, మీ మామయ్య లేరే" అని, ఫోను పెట్టెయ్యడం మర్చిపోయి అలాగే పట్టుకుని కూర్చుంది. అవతల ఎవరో పేషెంటు దగ్గుతున్న చప్పుడు వింటూ నేనూ కూర్చున్నాను. ఖమ్మం బస్టాండుకు వెళ్లే దారంతా ఆయన మొహం కన్నా ఆయన ఎర్ర కారే కళ్ల ముందు మెదిలింది. ఆ మాట విన్నా ఆయన కోప్పడరు.

మామయ్యది పెనుబల్లి అవతల అడవి అంచు పల్లె. కోస్తా నుంచి తాతల నాడు వచ్చి స్థిరపడిన కుటుంబం. మిరపా, మామిడీ తప్ప మరో ధ్యాస లేని మనిషి విశాఖ రేవులో వేలానికి పెట్టిన విదేశీ స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చారు. ఇద్దరికే చోటు. నేలకు జానెడెత్తు. మా రోడ్ల మీద గుంట వస్తే అత్తయ్య దిగి, గుంట దాటాక మళ్లీ ఎక్కేది. స్పీడందుకుంటే ఇంజనులోకి గాలి ఊదే టర్బో సన్నగా ఈల వేసేది. ఆ ఈల వినే కొన్నానని ఆయనే చెప్పేవారు. ఊళ్లో దానికి ఈలబండి అని పేరు పడింది.

అత్తయ్యను ఎక్కించుకుని అడవి రోడ్డున పర్ణశాల దాకా పోయి రావడం ఆయన సరదా. అడవి మొదట్లో ముత్యాలమ్మ గద్దె ఉంది. బస్సయినా లారీ అయినా అక్కడ ఆగి, ఇంజను ఆపేసి దండం పెట్టి కదలాలి. గద్దె కనిపించేదాకా కారును తొక్కి తొక్కి, సరిగ్గా అమ్మవారి ఎదుట బ్రేకు వేసేవారు మామయ్య. గట్టిగా నడిపిన వెంటనే ఇంజను ఆపొద్దనీ, టర్బో నిప్పులా కాలుతుంటుంది గనక కాసేపు ఊరికే నడవనివ్వకపోతే లోపలి ఆయిలు మాడిపోతుందనీ అమ్మినవాళ్లు చెప్పే పంపారు. ఆయన అలా నడవనిద్దామనుకుంటే అత్తయ్య ఊరుకునేదా?

"అమ్మవారి ముందు గుర్రుమంటుంటే దండం ఎట్లా పెట్టుకుంటమండీ? ఆపండి ముందు!"

ఆయన నవ్వి తాళం తిప్పేసేవారు. అత్తయ్య మాట కాదనడం ఆయనకు చేతకాదు.

ఒక వేసవిలో గద్దె దాటిన కాసేపటికే ఈల కీచుమంది. నీలం పొగ వచ్చి ఇంజను బిగుసుకుని ఆగిపోయింది. ట్రాక్టరుకు కట్టి ఖమ్మం తెచ్చారు. మెకానిక్కు విప్పి చూపించినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను.

"ఆయిలంతా మాడి బొగ్గు లెక్క అయింది సార్. టర్బో పలిగి ముక్కలు లోపలికి పోయినయ్. వేడి మీదనే ఆఫ్ చేస్తుంటరా ఏంది?"

"అవ్" అన్నారు మామయ్య. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకున్నారు. "మీ అత్తకు చెప్పమాకే. పాత ఇంజను, పోయిందందాం."

ఆ తర్వాత బతుకంతా ఇంజను వెతుకులాటే. జీపు డీజిల్ ఇంజను వేసెయ్యమని అందరూ చెప్పారు. "గిక్కడ అందరు గదే ఏపిస్తున్రు సార్, ఎన్నేండ్లయినా నడుస్తది" అన్నాడు మెకానిక్కు. సరేనన్నారు. కోసి, అతికి, ఎలాగో కూర్చోబెడితే బానెట్ మూత పడలేదు. స్టార్ట్ చేస్తే కారంతా పొలంలో పంపుసెట్టులా ఊగిపోయింది. మామయ్య కళ్లు మూసుకుని కాసేపు విన్నారు. "తీసెయ్యవయ్యా" అన్నారు.

"నడుస్తది గద సార్!"

"నడుస్తది. ఈల వెయ్యదుగా."

సరిగ్గా అలాంటి ఇంజనే హైదరాబాదు తుక్కు బజారులో దొరికినప్పుడు ఆయన మొహం చూడాల్సింది. గోనెసంచుల్లో చుట్టి లారీలో తెప్పించారు. విప్పితే ఇంజను దిమ్మకు నిలువునా పగులు. ఆ రోజు మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని, కలపకుండానే లేచారు. నేను ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి వెతుకుతూనే ఉన్నాను. చివరికి ఉన్నమాట చెప్పేశాను, ఆ ఇంజను ఎక్కడా తయారుచేయడం లేదని.

"చేసినయ్ యాడో ఒకచోట ఉంటయ్ గదే" అన్నారు.

ఎక్కడా లేవు. ఆయనకూ తెలుసనే అనుకుంటాను. అయినా పొద్దున్నే కారు తుడిచి, టైర్లకు గాలి కొట్టి, అందులో కూర్చునే పేపరు చదివేవారు. అత్తయ్య టీ గ్లాసు కిటికీలోంచి అందించేది. తాళంచెవి మాత్రం ఎప్పుడూ మొలతాడుకే. "దొంగలెత్తుకుపోవడానికి అందులో ఇంజనేది మామయ్యా?" అని ఏడిపిస్తే, "నీకేం తెలుసే" అనేవారు. కారు బాగయ్యేదాకా పర్ణశాల పోనని పట్టుబట్టిన మనిషిని మొన్న అత్తయ్యే బతిమాలి బస్సెక్కించింది. అక్కడే కుప్పకూలిపోయారు. భద్రాచలం చేర్చారు గానీ గుండె నిలవలేదు. ఎంత తలచుకున్నా నాకు ఊరట దొరకడం లేదు. ఆయన అడిగింది ఒక్కటే, అదీ దొరకలేదు.

దవాఖానా వ్యానులో ఇంటికి తెస్తున్నాం. అడవి దాటుతుండగా గద్దె వచ్చింది. డ్రైవరు బండి ఆపి తాళం మీద చెయ్యి వేశాడు. అత్తయ్య ముందుకు వంగి అతని భుజం పట్టుకుంది.

"ఆపమాక నాయనా. బండి వేడి మీదుంది. కాసేపు నడవనియ్."

"అమ్మవారి ముందట ఆపాలె గదమ్మా."

"అమ్మవారేం అనుకోదులే."

నేను అత్తయ్య వైపు చూశాను. ఇంజను ఎందుకు పోయిందో నేను చెప్పలేదు. మామయ్య చెప్పరు.

"మెకానిక్కు ఎప్పుడో చెప్పాడే" అంది. "మీ మామ నా దగ్గర దాస్తున్నారని, తెలిసిన సంగతి నేనూ దాచా."

ఇంజను నడుస్తుండగానే అమ్మవారికి దండం పెట్టింది. డ్రైవరు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బండి అదురుకు మామయ్య మొలతాడుకున్న తాళంచెవి స్ట్రెచరు ఇనుముకు తగిలి సన్నగా మోగుతూనే ఉంది.