పదకొండో మనిషి అరికాళ్లు

మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర నూట పన్నెండు పేజీల పుస్తకం. రాసింది నేనే. నా పేరు రఫీయుద్దీన్, మాది బోధన్. ఇరవై రెండేళ్లుగా ఖతర్‌లో ఆ యూనివర్సిటీ ఆఫీసులో కాగితాలు అటు నుంచి ఇటు మోస్తున్నాను. పుస్తకంలో తేదీలన్నీ సరైనవే, స్కోర్లన్నీ సరైనవే. ఒక్క పేరు మాత్రం అబద్ధం. తెలిసే రాశాను. మొన్న మా గ్రౌండు పనివాడు లింబాద్రి భార్య ఫోన్ చేసి ఒక మాట అడిగింది. దానికి జవాబు చెప్పలేక ఇప్పుడిది రాస్తున్నాను, అదీ తెలుగులో, మా ఆఫీసులో ఎవడూ చదవలేడన్న ధైర్యంతో. నా ధైర్యం ఎప్పుడూ ఇంతే.

మాది దీన్, అంటే మతం చదువులు చెప్పే యూనివర్సిటీ. ఉమ్ సలాల్ తోటలు దాటాక, గోధుమరంగు ప్రహరీ వెనక ఉంటుంది. అక్కడ పిల్లలు బంతి తన్నొచ్చా లేదా అని పెద్దలు రెండేళ్లు వాదించుకున్నారు. చివరికి 2004లో రెండు షరతుల మీద ఒప్పుకున్నారు. ఒకటి, మోకాళ్లు కనపడకూడదు. రెండు, అజాన్ వినపడితే ఆట ఆగాలి. మేం నిక్కర్లన్నిటినీ టైలర్ దగ్గరికి తీసుకెళ్లి కింద జానెడు గుడ్డ కుట్టించాం. మిగతా కాలేజీల వాళ్లు మమ్మల్ని పైజామా టీం అని ఏడిపించేవాళ్లు. నిజం చెప్పాలంటే మా ఆట కూడా ఏడిపించేలాగే ఉండేది. ఇరవై ఏళ్లలో గెలిచింది ఒకే ఒక్క కప్పు, 2011లో. అది ఆఫీసు వరండాలో అద్దాల బీరువాలో ఉంది.

లింబాద్రిది భీమ్‌గల్ పక్కన పల్లె. ప్రహరీ కట్టడానికి వచ్చిన కంపెనీలో కూలీగా వచ్చాడు. గోడ అయిపోయి కంపెనీ వెళ్లిపోతుంటే, గ్రౌండుకు ఒక మనిషి కావాలని మా వాళ్లు అతన్ని అట్టేపెట్టుకున్నారు. గడ్డికి నీళ్లు పెట్టడం, కోయడం, జెర్సీలు ఉతకడం, సున్నంతో గీతలు గీయడం అతని డ్యూటీ. రెండు మేకులు పాతి తాడు లాగి కట్టి, అడుగున చిల్లులు కొట్టిన డబ్బాలో సున్నం పోసుకుని, వెనక్కి నడుస్తూ గీసేవాడు. తర్వాత గీతల మిషన్ వచ్చింది. దాన్ని అతను ముట్టుకోలేదు. "గది గీత కాదు సాబ్, గీకుడు" అన్నాడు. అతని గీత వంకరపోగా నేను చూడలేదు.

ప్రాక్టీసప్పుడు గోల్ వెనక నిలబడి, బయటికి వచ్చిన బంతుల్ని తన్ని లోపలికి పంపేవాడు. బంతి తిన్నగా వెళ్లి గ్రౌండు మధ్యలో ఆడేవాడి కాళ్ల దగ్గర ఆగేది. మా సూడాన్ కోచ్ అది చూసి, "నా పిల్లలకు ఆ కాళ్లుంటే యా అల్లా!" అని నెత్తి కొట్టుకునేవాడు. లింబాద్రి సిగ్గుపడి గొట్టం పట్టుకుని అవతలికి పోయేవాడు.

ఇక 2011 ఫైనల్ సంగతి. డిసెంబరు నెల, శుక్రవారం. ఇలాంటి పొరపాటు మా యూనివర్సిటీ తప్ప లోకంలో ఎవరూ చేయరు. ఒక సెక్షన్ వాళ్లు మక్కాకు ఉమ్రా యాత్ర బస్సుకు తేదీ ఖాయం చేశారు. ఇంకో సెక్షన్ వాళ్లు ఫైనల్‌కు అదే తేదీ ఒప్పుకున్నారు. రెండు కాగితాలూ నా బల్ల మీది నుంచే వెళ్లాయి, నేను చూసుకోలేదు. ఉమ్రాకు వెళ్తానన్న పిల్లవాణ్ణి ఫుట్‌బాల్ కోసం ఆగమని ఎవడంటాడు? ఆరుగురు ఆటగాళ్లు బస్సెక్కి మక్కా వెళ్లిపోయారు. పన్నెండు మంది మిగిలారు. వాళ్లలో దానియాల్ అనే హైదరాబాదీ కుర్రాడు ఆ రోజు రాలేదు. అల్ షహానియాలో ఒంటెల పందేలు చూస్తూ ఫోన్ ఆపేసి కూర్చున్నాడని తర్వాత తెలిసింది. వస్తాడులే అని పొద్దున్నే లిస్టులో వాడి పేరు రాసేశాను. టీం మేనేజర్ని నేనే కదా.

మ్యాచ్ అల్ అజీజియా దగ్గరి గ్రౌండులో. స్కోరు సున్నా సున్నా. ఆట ఇంకో ఐదు నిమిషాల్లో ముగుస్తుందనగా మావాడొకడి చీలమండ మెలిక పడింది. పది మందే మిగిలారు. కోచ్ నా వైపు తిరిగి, "పది మందితో ఎక్స్‌ట్రా టైం ఆడితే చచ్చిపోతాం. ఎవడో ఒకణ్ణి తీసుకురా" అన్నాడు. నీళ్ల డబ్బా పక్కన లింబాద్రి నిలబడి ఉన్నాడు. అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్లబట్టలు, ఉత్తకాళ్లు, మూడు వారాల గడ్డం. నా జేబులో దానియాల్ గుర్తింపు కార్డు ఉంది. కార్డు మీద ఫోటోలో వాడికీ అదే గడ్డం.

"లింబన్నా, అంగి ఇప్పు. ఈ జెర్సీ తొడుగు" అన్నాను.

"మాలల ఉన్న సాబ్. చెప్పులే ఎయ్యద్దు, ఇగ బూట్లా?"

"పావుగంట పని. నీ స్వామికి నేను చెప్పుకుంటలే."

"మీరేం జెప్తరు సాబ్, మీ మాట ఆయన ఇంటడా?" అన్నాడు. అంటూనే తొడుక్కున్నాడు. మాల జెర్సీ లోపలికి దోపుకున్నాడు. దెబ్బ తగిలినవాడి బూట్లు ఇరుకైనా కాళ్లు కుక్కాడు. రిఫరీ కార్డు చూసి, గడ్డం చూసి, పొమ్మన్నాడు.

టైం అయిపోయింది, గోల్ పడలేదు. అంతలో పొద్దు గుంకి మగ్రిబ్ అజాన్ వినపడింది. మా షరతు ఉంది కదా, జట్టంతా గడ్డి మీదే వరసగా నిలబడింది. అది నా బుర్రకు తట్టనే లేదు. లింబాద్రి నా వైపు చూశాడు. పక్కకు తప్పుకుంటే పైజామా టీంలో నమాజ్ చదవనివాడు ఎవడని రిఫరీ అడుగుతాడు. నేను కళ్లతోనే నిలబడమన్నాను. అతను వరస చివరికి వెళ్లాడు. మిగతావాళ్లు బూట్లతోనే నిలబడ్డారు, గడ్డి మీద అది చెల్లుతుంది. లింబాద్రి మాత్రం బూట్లు విప్పి పక్కన పెట్టాడు. దేవుడి ముందు బూట్లతో ఎట్లా నిలబడతాడు? ఏడేళ్లుగా గీత అవతల నుంచి చూస్తున్నవాడు కాబట్టి వంగడం, లేవడం ఒక్కటీ తప్పలేదు. చీలమండ మెలిక పడ్డవాడు ఊరికే కూర్చోలేక వెనక నుంచి ఫోటో తీశాడు.

తర్వాత ఎక్స్‌ట్రా టైంలో గోల్ పడింది. కార్నర్ నుంచి వచ్చిన బంతి ఎవరికో తగిలి బయటికి దొర్లింది. లింబాద్రి రోజూ తన్నినట్టే తన్నాడు, బయటి నుంచి లోపలికి. గోలీ కదల్లేదు. కోచ్ గడ్డి మీద పడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి? ఆ వెంటనే నాకు బుద్ధొచ్చింది. కప్పు ఇచ్చేటప్పుడు అందరూ ఫోటోకు నిలబడుతుంటే పరుగున వెళ్లి, "లింబన్నా, నువ్వు బస్సులకు పో. మొకం ఎవరికి కనపడద్దు" అన్నాను. వెళ్లాడు. కప్పుతో దిగిన ఫోటోలో అతను లేడు.

ఆ సాయంత్రం బస్సులో, "రఫీ సాబ్, మీ అల్లా, మా స్వామి ఇద్దరు ఏమనుకుంటుండ్రో?" అని అడిగాడు. "గోల్ పడ్డది గద, ఇద్దరు ఖుషీ" అని నవ్వేశాను. అతను నవ్వలేదు. మరునాడు మళ్లీ మొదటి నుంచి నలభై ఒక్క రోజులు లెక్కపెట్టుకుంటూ మాల వేసుకున్నాడని వాళ్ల లేబర్ క్యాంప్ వాళ్లు చెప్పారు.

లిస్టులో దానియాల్ పేరుంది కాబట్టి గోల్ దానియాల్‌ది అయింది. మొదట్లో వాడు ఎవరైనా పొగిడితే తల దించుకునేవాడు. ఒక ఏడాదికి తల దించుకోవడం మానేశాడు. ఆ తర్వాత తనే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అప్పటి పిల్లలు చదువులు ముగించి తలా ఒక దేశం పోయారు. కోచ్ సూడాన్ వెళ్లిపోయాడు. నిజం తెలిసినవాళ్లం ఖతర్‌లో ముగ్గురమే మిగిలాం.

పోయిన సంవత్సరం జట్టును రద్దు చేశారు. గ్రౌండులో కొత్త క్లాసు గదులు కడతారట. జట్టు గుర్తుగా ఒక పుస్తకం వేద్దామన్నారు. ఖర్చు దానియాల్ సాబ్ పెట్టుకుంటానన్నాడు, ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు. రాసే పని నా మెడకు చుట్టారు. గ్రౌండు లేకపోతే గ్రౌండు మనిషి ఎందుకు? లింబాద్రి వీసా క్యాన్సిల్ చేశారు. యాభై దాటాయి, మోకాళ్లు అరిగిపోయాయి. ఇరవై ఏళ్లు వెనక్కి నడిచిన మనిషి మరి.

ఆ కబురు విన్న రోజు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వీసా మాటే ఎత్తలేదు.

"సాబ్, మీరు బుక్కు రాస్తుండ్రట గద. నాదొక్కటే మాట. గోల్ గొట్టింది లింబాద్రి అని ఒక్క లైన్ ఎయ్యుండ్రి. కతలద్దు, పొగడ్తలద్దు."

"ఇప్పుడెందుకే అది?"

"ఇంట్ల ఎవరు నమ్ముతలేరు సాబ్. దుబాయ్ పోయి బాల్ ఆడి కప్పు గెలిచిన అంటే ఊరంత పడి పడి నవ్వుతుండ్రు. నన్ను గోల్ లింబన్న అంటరు. నా బిడ్డ సుమలత గూడ 'బాపూ, ఇగ ఊకో' అంటది. మా పుష్ప ఒక్కతే ఏమనది. నమ్ముతదో నమ్మదో ఎర్కలేదు. ఇగ మొత్తానికే పోతున్న. ఇరవై ఏండ్లు ఏం జేసినవంటే గడ్డికి నీళ్లు వట్టిన అని చెప్పుకోవాల్నా?"

"అట్లనే. ఏస్త" అన్నాను. నా నోటితో అన్నాను.

ఇంటికొచ్చి ఆలోచించాను. ఆ లైన్ రాస్తే కప్పు పోతుంది. దొంగ పేరుతో మనిషిని దింపిన మేనేజర్ ఎవడని అడుగుతారు. మతం చెప్పే యూనివర్సిటీలో నమాజ్ వరసలో ఎవరిని నిలబెట్టావని కూడా అడుగుతారు. అప్పుడు నా వీసా కూడా క్యాన్సిలే. నా భార్య నఫీసా విని, "మాట ఇచ్చావు కదా" అంది. "మాటతో ఇల్లు గడుస్తుందా?" అని ఆమె మీద అరిచాను. అరవై మూడో పేజీలో గోల్ కొట్టింది దానియాల్ అని రాశాను. నా మనసుకు ఊరట కోసం, అదే పేజీలో ఆ నమాజ్ ఫోటో వేయించాను. పదకొండు మంది నుదురు నేలకు ఆనించి సజ్దాలో ఉన్నారు, ఒక్కరి ముఖమూ కనపడదు.

పుస్తకం విడుదల రోజు దానియాల్ మైకు పట్టుకుని ఆ గోల్ వర్ణించాడు. కార్నర్, దొర్లిన బంతి, కదలని గోలీ. ఒక్క ముక్క తప్పు చెప్పలేదు. చివరి వరసలో లింబాద్రి నీళ్ల సీసాలు పంచుతున్నాడు. దానియాల్ చెప్పడం అయిపోయాక అందరితోపాటు సీసాల అట్టపెట్టె కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. నేను తల తిప్పుకున్నాను.

బయట నేనే అతని దగ్గరికి వెళ్లాను. "లింబన్నా, ఫోటో పెట్టిన గద, అరవై మూడో పేజీల" అన్నాను. నా గొంతు నాకే అసహ్యమేసింది.

అతను పుస్తకం తెరిచి ఆ పేజీ చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "మీ కొలువు పోతదని గా పేరు ఏసిండ్రు గద సాబ్. ముందుగాలనే చెప్తే నేనే అడగకపోదును" అన్నాడు. పుస్తకాన్ని తువ్వాలలో చుట్టుకున్నాడు. నన్ను నాలుగు తిట్టుంటే ఈపాటికి మరచిపోయేవాణ్ణి. తిట్టలేదు. ఆ వారమే ఊరికి వెళ్లిపోయాడు.

మొన్న మధ్యాహ్నం వరండాలో అద్దాల బీరువా ముందు నిలబడి ఉండగా ఇండియా నంబరు మోగింది.

"సార్, నేను పుష్పను. లింబాద్రి ఇంటామెను. మీకు ఇప్పుడు వీలైతదా?"

"చెప్పమ్మా" అన్నాను.

"బుక్కు తెచ్చిండు సార్. మా సుమలత సదివింది. గోల్ ఎవరో దానియాల్ గొట్టిండని ఉన్నదట. ఇన్నేండ్లు నేనే గొట్టిన అన్నోడు, ఇప్పుడు ఉత్తగనే చెప్పిన, మీరు నమ్ముతరా లేదా అని చూసిన అంటుండు. అందరు నవ్వుతుండ్రు. వాళ్లతోని ఆయన సుత నవ్వుతుండు. నాకు నవ్వు రాలే సార్."

బీరువా అద్దం మీది దుమ్ము వేలితో తుడిచాను.

"గా పేజీల ఒక ఫోటో ఉన్నది గద. అందరు తలకాయలు నేలకు ఆనిచ్చి ఉన్నరు. అందరికి బూట్లున్నయి. చివరాఖరున ఉన్నాయనకు లేవు. ఎడమ మడిమ మీద అడ్డంగ మచ్చ. పసుపు తవ్వంగ గడ్డపార దిగింది సార్, పెండ్లయిన ఏడాదే. నేనే కట్టు గట్టిన. నా మొగని కాళ్లు నాకు తెల్వదా?"

బీరువా అద్దంలో కప్పు మీద నా ముఖం కనపడుతోంది.

"ఆయనను అడిగితే, నా కాళ్లు కావే, ఎవరియో అంటుండు. అబద్ధమాడే మనిషి కాదు సార్. ఎవరి కోసం ఆడుతుండు? మీకు ఎర్కనా?"

నా కోసమమ్మా అని చెప్పాలి. రెండు మాటలు. వరండాలో ఎవరూ లేరు, ఉన్నా తెలుగు రాదు.

"హలో? ఏం వినపడతలేదమ్మా" అని ఫోన్ పెట్టేశాను.

ఆమె మాట్లాడిన ప్రతి మాటా స్పష్టంగా వినపడింది.