ఇంకొక్కసారి నొక్కుండ్రి సార్

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు నా ఫోను చేతిలోకి తీసుకుని, నన్ను మాటమాత్రంగానైనా అడగకుండా, ఇంకా పరీక్ష దశలోనే ఉన్న కొత్త సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఏదో అందులోకి ఎక్కించింది. సోమవారం పొద్దున బ్యాంకు యాప్ తెరుచుకోలేదు. అడిగితే, "లేటెస్టే కదా పెద్దమ్మా, దానంతటదే సర్దుకుంటుంది" అంది. ఆ లేటెస్టు అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో ఆ పిల్లకి చెప్పినా పట్టదు. కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి అడుగుపెట్టిన మన ఈడు వాళ్లకైతే పడుతుందని రాస్తున్నాను.

పంతొమ్మిది వందల తొంభై ఏడులో నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో కంప్యూటర్ల బాధ్యత చూసేదాన్ని. యూనిక్స్ తరహాలో ఉండి, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి వాడేవాళ్లం. దానికి రెండు రకాలు ఉండేవి. ఒకటి నిలకడగా పనిచేసేది, రెండోది దాన్ని తయారుచేసేవాళ్లు రోజూ మారుస్తూ, వాడితే మీ పూచీ మీదే వాడుకోండని ముందే చెప్పి వదిలేది. ఆ ఏడు మా యజమాని రెండు ప్రాసెసర్ల యంత్రం ఒకటి తెప్పించారు. నిలకడైన వెర్షన్‌కు అందులో ఒక్క ప్రాసెసరే కనిపించేది. ఆయన అల్లుడు బెంగళూరులో ఎవరి దగ్గరో ఆ రెండో రకం కొత్త వెర్షన్ సీడీ సంపాదించి, ఇది వేస్తే రెండు ప్రాసెసర్లూ కదిలి పని సగం కాలంలో అయిపోతుందని మామగారి చెవిలో వేశాడు. మాట అబద్ధం కాదు. ముందు పాత యంత్రం మీద వేసి చూద్దాం, ఈలోగా ఇందులో ఉన్నదంతా టేపుల మీదికి నకలు ఎక్కిస్తాను అన్నాను.

ఆ కొత్త యంత్రంలో ఉన్నది ఒక అమ్మాయి ప్రాణం. యూసుఫ్‌గూడ నుంచి రోజూ వచ్చి మా దగ్గర బొమ్మలు వేసేది, నన్ను అక్కా అని పిలిచేది, తండ్రి సెట్లకు రంగులు వేసే పనివాడు. ఒక పౌరాణిక చిత్రానికి ఆకాశంలో రథం నడిచే దృశ్యం వేసవి అంతా కూర్చుని చేసింది. గుర్రాల జూలు గాలికి ఎలా లేవాలో తేల్చుకోవడానికి కిటికీలో చీర కొంగు ఆరేసి చూసేది. దానికి ప్రతిఫలంగా టైటిల్స్‌లో ఆమె పేరు విడిగా వేస్తామని నిర్మాత మాటిచ్చారు. తెర మీద ఆమె పేరు పడడం అదే మొదటిసారి అయ్యేది.

మా పరిశ్రమలో ముహూర్తం లేనిదే కొత్త కుర్చీ కూడా వెయ్యరు. సిద్ధాంతిగారు పెట్టిన ఘడియ టేపుల పనికంటే ముందే వచ్చింది. టేపులు తర్వాత చూసుకోండమ్మా, రాహుకాలం వచ్చేస్తుంది అన్నారు యజమాని. యంత్రానికి బొట్టు పెట్టారు, దండ వేశారు, గుమ్మంలో కొబ్బరికాయ కొట్టారు. సినిమా ప్రారంభానికి కెమెరా స్విచ్చాన్ చేయించినట్టు నిర్మాతగారి చేత ఎంటర్ మీట నొక్కించాలన్నారు. సరే, వేడుక వేడుకే అనుకుని, ఒకసారి నొక్కితే స్వాగతం చెప్పే తెర తప్ప ఇంకేమీ రాకుండా అమర్చి పెట్టాను. నిర్మాత నొక్కారు, అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాసే పని ఉండేది కాదు.

ఫొటోగ్రాఫరు, "ఫ్లాష్ పడలే సార్, ఇంకొక్కసారి నొక్కుండ్రి" అన్నాడు. మన వాళ్లకు షాటు సరిగా రాకపోతే మళ్లీ తీయడం పుట్టుకతో అలవాటు. నిర్మాత ఇంకోసారి నొక్కారు, ఇంకో తెర వచ్చింది. నేను ముందుకు వెళ్లబోతే, "మేడం, జర పక్కకు జరగుండ్రి, ఫ్రేమ్‌ల పడుతున్నరు" అన్నాడు. అప్పటికి తెర మీద, డిస్కులో ఉన్నది చెరిపి కొత్తగా సిద్ధం చేయమంటారా అన్న ప్రశ్న నిలబడి ఉంది. నొక్కకండి అని గట్టిగానే అన్నాను. అల్లుడు నా వైపు తిరిగి, శుభకార్యంలో అరుపులేమిటండీ అన్నట్టు కళ్లతోనే గదిమాడు. యజమాని, నిర్మాత ఇద్దరూ నవ్వుతూ, చేతి మీద చెయ్యి వేసి మూడోసారి నొక్కారు. ఈసారి ఫ్లాష్ పడింది.

ఆ అమ్మాయి హారతి పళ్లెం పట్టుకుని నా పక్కనే ఉంది. నా ముఖం చూసి, "అక్కా, నా రథం గిట్ల పోయిందా?" అని మెల్లగా అడిగింది. నేను తలూపాను. పళ్లెం కింద పెట్టి బయటికి నడిచింది.

విడుదల తేదీ ప్రకటించేశారు కాబట్టి రథం లేకుండానే సినిమా వదిలారు. నిర్మాతకు ఏం చెప్పాలన్న ప్రశ్న వచ్చేసరికి, అమ్మాయి తన పనిని ఉండకూడని డిస్కులో పెట్టిందన్నారు మా యజమాని. మీట నొక్కిన చేతులు ఎవరివో ఫొటోలు కడిగితే తెలుస్తుంది కదండీ అని ఆయన ముఖం మీదే అన్నాను. "పూజ చేసుకున్న చోట అపశకునం మాటలు వద్దమ్మా" అన్నారాయన. మర్నాటి నుంచి ఆ అమ్మాయిని రావద్దన్నారు, నేను రానన్నాను. అల్లుడు మాత్రం అదే వెర్షన్ మళ్లీ వేసి, రెండు ప్రాసెసర్లూ పనిచేస్తున్నాయని వచ్చిన వాళ్లందరికీ చూపించుకున్నాడట.

ఇప్పటి యంత్రాలు పాతదాన్ని ఒక పక్కన దాచుకుని కొత్తది వేసుకుంటాయి, నచ్చకపోతే వెనక్కి వెళ్లనిస్తాయి. సినిమా చివర గ్రాఫిక్స్ చేసిన వాళ్ల పేర్లు వందల కొద్దీ తెర మీదికి వస్తాయి, వాటిని చదవడానికి హాల్లో ఎవరూ కూర్చోరు. ఆ అమ్మాయి మోతీనగర్‌లో జాకెట్లు కుట్టే దుకాణం పెట్టుకుని, మళ్లీ బొమ్మ వెయ్యలేదు. ఆ పౌరాణికం ఇప్పటికీ పండగలకు టీవీలో వస్తుంది. పాట అయిపోగానే రథం రావలసిన చోట గుడి గోపురం ఒకటి చూపించి అతికేశారు. అతుకు చక్కగా కుదిరింది, చూసేవాళ్లకు ఏ లోటూ తెలియదు. నేను అక్కడిదాకా చూసి టీవీ కట్టేస్తాను.