అచ్చంపేట దగ్గర ఆగిపోయిన బడి బ్లాగు

అచ్చంపేట దగ్గర ఒక సర్కారు బడి పిల్లలు నడిపే బ్లాగు గురించి నిరుడు ఇక్కడ రాశాను. అది చదివి కొందరు టీచర్లు, తామూ వెళ్లి చూస్తామని, దారి చెప్పమని అడిగారు. దారి చెబుతాను. కానీ ఆ బ్లాగు ఇప్పుడు లేదు. అందులో నా వంతు ఉంది కాబట్టే గత నెల మళ్లీ వెళ్లాను.

హైదరాబాద్‌లో ఉదయం ఆరింటికి బస్సెక్కితే తొమ్మిదిన్నరకు అచ్చంపేట చేరాను. బడి ఉన్న ఊరు అక్కడికి పన్నెండు కిలోమీటర్లు. ఆటో కిరాయి రానూపోనూ ఐదు వందలు. డ్రైవర్ యాదయ్య ఊరి పేరు వినగానే నవ్వాడు. "బ్లాగు సారు బడికేనా? మొదట్ల కార్లేసుకొని వచ్చెటోళ్లు. మీరు జర లేటయిండ్రు సార్."

ఆ బడిలో సిగ్నల్ అందదు. వెనకనున్న బండ మీద అందుతుంది. శనివారం ఆఖరి పీరియడ్‌లో పదో తరగతి పిల్లలు నోటుబుక్కులో రాసింది తెలుగు చెప్పే నర్సింహ సార్ దిద్దేవారు. బాగున్నదాన్ని రాసినవాళ్లే ఆయన ఫోన్‌లో టైపు చేసి, బండెక్కి బ్లాగులో పెట్టేవారు. నోటుబుక్కు మీద పేరు, తరగతి, ఊరు లేకపోతే ఆయన దిద్దరు. బ్లాగుకూ అదే పద్ధతి.

మొన్నటి వానాకాలంలో శిరీష అనే అమ్మాయి ఆ బ్లాగులో ఆరు వాక్యాలు రాసింది. తమ ఊరి దారిలో కట్టిన కల్వర్టు మొదటి వానకే కూలిందని, బస్సు బంద్ అయిందని, ఏడుగురు ఆడపిల్లలు నాలుగు కిలోమీటర్లు నడిచి బడికి వస్తున్నారని. ఇద్దరికి ఫోన్ చేసి కల్వర్టు సంగతి నిజమేనని తేల్చుకున్నాను. ఆ వాక్యాలను పేరు, తరగతి, ఊరితో సహా మా పత్రిక జిల్లా పేజీలో వేశాను. పేరు వేయవచ్చా అని ఎవరినీ అడగలేదు.

కల్వర్టు మళ్లీ కట్టలేదు. అనుమతి లేకుండా బ్లాగు నడిపారని సార్‌కు మెమో వచ్చింది. బ్లాగు తీసేశారు. శిరీష బడి మానేసింది.

మధ్యాహ్నం సార్, నేను కూలిన కల్వర్టు దాకా ఆటోలో వెళ్లి, అక్కడి నుంచి నడిచాం. శిరీష, వాళ్ల నాయిన బాలయ్య పత్తి ఏరుతున్నారు. చేను కౌలుది. దాని యజమాని పటేలే కల్వర్టు కాంట్రాక్టరు.

"పరీక్షలకు ఇంకా టైమున్నది బాలయ్యా. రేపటి సంది పంపు" అన్నారు సార్.

"పంపితే చేను పోతది సార్. నీ బిడ్డ పేపర్ల నా ఇజ్జత్ తీసిందని పటేలు ఇంటి మీదికొచ్చిండు. బడి మాన్పిస్తనని కాళ్లు పట్టుకుంటే ఉంచిండు." బాలయ్య నా వైపు తిరిగాడు. "మీకేంది సార్, మీ ఇద్దరికి జీతాలున్నయి."

శిరీష ఒడిలోని పత్తి బస్తాలో దులిపి వచ్చింది. "సార్, నా పేరెందుకేసిండ్రు?" అని నన్ను అడిగింది.

"బ్లాగులో ఉంది కదమ్మా" అన్నాను.

ఆమె సార్‌ను చూసింది. "నోటుబుక్కుల ఎట్లుంటే అట్లనే పెట్టుమన్న బిడ్డా" అన్నారాయన.

"నోటుబుక్కు మీరొక్కరే చదువుతరు కద సార్."

ఆ మాట అని, సాలులోకి వెళ్లిపోయింది.

పిల్లల రాతలు నెట్‌లో పెడితే ప్రపంచమంతా చదువుతుందని టీచర్ల శిక్షణలో చెబుతారు. నిజమే. ప్రపంచం చదివి ఇంకో పేజీకి పోతుంది. చదివి ఇంటి మీదికి వచ్చేది ఊళ్లోవాడే. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇది నాకు తెలియనిది కాదు. పేరు దాచమని అడిగిన పెద్దవాళ్ల పేర్లు ఎన్నోసార్లు దాచాను. ఈ పిల్లకు అలా అడగవచ్చని తెలియదు. తెలిసిన నేను ఆమె కోసం ఆలోచించలేదు.

అటు వెళ్లేవారు ఆటోను అక్కడే ఆపుకోండి, తిరిగి రావడానికి ఇంకేమీ దొరకదు. బడిలో బ్లాగు పెట్టాలనుకునే టీచర్లకు ఒక్క సూచన: పోస్టు చేసే ముందు పిల్లల పేరు, తరగతి, ఊరు కొట్టేసి, కింద మీ పేరు రాయండి. వచ్చేది ఏదైనా మీ దగ్గరికే రానివ్వండి.