సక్రి నెత్తురుతో బతికిన ఈస్ట్

కొడకండ్ల దగ్గరి తండాలో పుట్టిన ప్రియ, జనగామలో డిగ్రీ చదివి హైదరాబాద్‌లోని ఒక పరిశోధనశాలలో చేరింది. తాటికల్లులోనూ కనిపించే ఒక రకం ఈస్ట్ మీద ఆమె పని. ఒక్క కణమే ఒళ్లంతా అయిన ఆ జీవిలో ఒక ఎంజైమ్ ఉంటుంది. అది ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ అనే చిన్న ముక్కను తగిలిస్తుంది. అది తగిలితేనే కణం రెండుగా విడిపోతుంది. ప్రియ పెంచే ఈస్ట్‌లో ఆ ఎంజైమ్‌కు లోపముంది. వెచ్చగా ఉంచితే పనిచేయదు. అప్పుడు కణాలు విడిపోలేక పుల్లల్లా సాగి ఆగిపోతాయి.

మనిషి ఎంజైమ్‌ తయారుచేసే జన్యువును అందులో పెడితే ఈస్ట్ మళ్లీ పెరుగుతుందని ప్రియ చదివింది. చదివినా, కళ్లారా చూడందే మనసు ఒప్పుకోలేదు.

ఆ రోజుల్లోనే ఆమె 'యాడీ' అని పిలిచే తల్లి సక్రి కంటి పరీక్షకు పట్నం వచ్చింది. పరిశోధన గైడ్ అరుంధతి అందుకు కావాల్సిన అనుమతులన్నీ చూశాక, ప్రియ తల్లిని కొంచెం నెత్తురు ఇమ్మని అడిగింది.

"నా నెత్తురు తీసి ఏం జేస్తవే?"

"అండ్ల నుంచి ఒక జన్యువు తీసి ఈస్ట్‌ల పెడ్త, యాడీ. గది బతుకుతదేమో జూద్దాం."

"బతికేటిదైతే తీస్కో బిడ్డా," అని సక్రి చెయ్యి చాపింది.

మొదట ఏదీ పెరగలేదు. రెండోసారీ అంతే. ప్రియ కుంగిపోయింది. "జన్యువు తలకిందులుగా అతికిందేమో చూడు," అంది అరుంధతి. చూస్తే నిజమే. సరిచేసి మళ్లీ పెట్టింది.

తర్వాత ఒక ఉదయం, వెచ్చగా ఉంచిన పళ్లెం నిండా ఈస్ట్ పెరిగి తెల్లని చుక్కలుగా కనబడింది. మైక్రోస్కోప్ కింద పొట్టి పొట్టి కణాలు, చక్కగా విడిపోతున్నాయి. మనిషి, ఈస్ట్ దారులు వేరై నూరు కోట్ల ఏళ్లు దాటింది. అయినా ఒకరి ఎంజైమ్ చేసే పని ఇంకొకరికి పనికొస్తోంది.

కంటి మందుల కోసం మళ్లీ వచ్చిన సక్రిని ప్రియ మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది.

"గివి నన్ను ఎరుకవడ్తయా?" మెల్లగా అడిగింది సక్రి.

"నిన్ను ఎరుకవట్టయి యాడీ. నీ ఎంజైమ్ జెప్పినట్టు మాత్రం ఇంటయి."

ఊపిరి తగిలితే అవి చెదురుతాయేమోనని సక్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. ఒక కణం నడుమ సన్నని గీత ఏర్పడి, నెమ్మదిగా రెండైంది. ఆమె కన్ను తీయకుండానే కూతురి చెయ్యి వెతికి పట్టుకుంది.